డప్పు మీద పడిన నేరం

అనగా అనగా, చెప్పడానికే నోరు రాని సంగతి ఒకటి ఉంది. అయినా చెబుతాను, వినండి పిల్లలూ.

రాళ్లగిరి రాజ్యంలో కోట గుట్ట మీద ఉండేది, దిగువపేట గుట్ట కింద ఉండేది. పేటకు నీళ్లు ఒక్క కాలువ నుంచే రావాలి. రాజుగారు ఆ కాలువ తూము మూయించి, నీళ్లన్నీ తన మామిడితోటకు మళ్లించుకున్నారు. ఇక పేటకు మిగిలింది ఒక చిన్న ఊటబావి. బిందెడు నీళ్ల కోసం జనం తిట్టుకునేవాళ్లు, కొట్టుకునేవాళ్లు, చివరికి కత్తులు దూసేవాళ్లు.

ఆ పేటలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా కత్తికి బలైతే, పాడె లేవకముందే డప్పు బుచ్చన్న వీధిలో నిలబడి, పోయినవాడి పేరు చెప్పి, ఎందుకు పోయాడో పాడాలి. పాడకపోతే పోయినవాడు దిక్కులేని పీనుగైనట్టే. బుచ్చన్న పాట గరుకుగా ఉండేది, మాటలు దబదబా దొర్లేవి. చివర మాత్రం ఎప్పుడూ ఒకటే మాట.

"తూము తెరవండయ్యా, నా తమ్ముడైనా మిగులుతాడు."

అతనికి ఉన్నది ఒక్క తమ్ముడు, కొమురన్న.

గుట్ట మీదికి కొట్లాట వినబడదు, ఏడుపూ వినబడదు. డప్పు మాత్రం వినబడుతుంది. అది విని భటులు దిగివస్తే, అక్కడ శవం ఉంటుంది.

"ప్రభూ, డప్పు మోగిన ప్రతిసారీ ఒక చావు. పాటే వాళ్లను రెచ్చగొడుతోంది" అన్నాడు మంత్రి.

ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు, రాజు వెంటనే సరే అన్నాడు. మొదట డప్పు లాక్కున్నారు. బుచ్చన్న చప్పట్లు చరుస్తూ పాడాడు. చేతులకు సంకెళ్లు వేశారు. ఉత్త గొంతుతో పాడాడు. అప్పుడిక చెరసాలలో పడేశారు. పేట చల్లబడిందని కోటలో పాయసం వండుకున్నారు. తూము సంగతి ఒక్కడైనా అడిగాడా? అడగలేదు.

పాట ఆగిందే గాని చావులు ఆగలేదు. కొడుకును పోగొట్టుకున్న దుర్గవ్వ అనే ముసలమ్మ గుట్టెక్కి సభకు వచ్చింది.

"అయ్యా, ఇప్పుడు డప్పు లేదు, పాటా లేదు. మరి నా కొడుకును చంపిందెవరు?"

రాజు మంత్రి వైపు చూశాడు.

"లోలోపల పాడుకుంటున్నారేమో ప్రభూ" అన్నాడు మంత్రి.

సభ తల ఊపింది. కూనిరాగం తీసినవాళ్లనూ పట్టుకోమని ఆజ్ఞ అయింది. ఆడలేక మద్దెల ఓడంటారు చూడండి, వీళ్లకు మద్దెల లేకపోయినా అదే మాట. నాకైతే చెబుతుంటేనే కడుపు మండుతోంది.

ఆ తర్వాత కొన్నాళ్లకే బావి దగ్గర కొమురన్నను పొడిచేశారు. కబురు చెరసాలకు చేరింది. బుచ్చన్న కాపలావాడి కాళ్లు పట్టుకున్నాడు.

"ఒక్కసారి వదులు నాయనా. తమ్ముడికి పాడి వచ్చేస్తాను. ఆ తర్వాత నన్ను ఉరితీసినా సరే."

కాపలావాడికి జాలి కలిగి, వెళ్లి రాజును అడిగాడు. రాజు మామిడిపండు తింటున్నాడు.

"ఒకడికి పాడనిస్తే పదిమంది చస్తారు. కుదరదు" అన్నాడు.

కాపలావాడు తిరిగి వచ్చి ఆ మాటే చెప్పాడు. బుచ్చన్న గోడకు తల ఆనించి కూర్చుండిపోయాడు.

కొమురన్న పాడె పాట లేకుండానే లేచింది. వెనక నడిచేవాళ్లు అడుగుల చప్పుడైనా కాకుండా నడిచారు, అది కూడా తాళమంటారేమోనని.

గాయం మాన్పనివాడే మూలుగును నేరమంటాడు. మూలిగే నోరు నొక్కినంత మాత్రాన గాయం మానదు.