కాటుకపిట్ట తోక కుదురుగా ఎందుకుండదు?

ఒకప్పుడు కాటుకపిట్ట ఒళ్ళంతా తెలుపే. ఆ పేరు అప్పటికింకా రాలేదనుకోండి. తన తెల్లతోకంటే దానికి ప్రాణం. మట్టి అంటుతుందని కదిపేది కూడా కాదు. ఏటి ఒడ్డున రాతి మీద కూర్చుని, నీళ్ళలో నీడ చూసుకుంటూ పగలంతా కలలు కనేది.

అది చీనా దేశం. ఆ ఏడు వాన లేదు. ఏరు పిల్లకాలువైపోయింది. పైన మేఘమొకటి నిద్రమత్తులో తేలిపోతోంది.

"దిగిరా మేఘమా! మా వరినారు ఎండిపోతోంది!" రుయిలాన్ అనే రైతుపిల్ల కేకేసింది.

"వాన అని రాసి చూపించు, దిగుతా" అంది మేఘం ఆవులిస్తూ.

రుయిలాన్ అప్పుడప్పుడే అవ్వ దగ్గర అక్షరాల గీతలు నేర్చుకుంటోంది. చీనాలో మాటకో అక్షరం, చూడ్డానికి బొమ్మలా ఉంటుంది. మసి నూరి సిరా చేసింది. కుంచె ముంచి బండ మీద అడ్డగీత గీసింది. దాని కింద నిలువుగీత, మూల తిరిగి కొక్కెంలా వంగే గీత, నడుమ ఇంకో నిలువుగీత. అన్నీ చక్కగా కుదిరాయి. ఇక లోపల చినుకుల్లా నాలుగు చుక్కలు పెడితే వాన అనే అక్షరం అయిపోతుంది.

ఆ చుక్కలే రాలేదు. భయంతో చెయ్యి బిగుసుకుపోయి, ఆనించిన కుంచెను కిందిదాకా ఈడ్చేసింది. తుడిచి మళ్ళీ రాసింది. మళ్ళీ అంతే.

మేఘం తొంగిచూసింది. "ఇదేంటమ్మా, ఊచల కిటికీలా ఉంది? ఇందులో వానేదీ?" అని ముందుకు సాగింది.

రుయిలాన్ బావురుమంది. పిట్టకు గుండె తరుక్కుపోయింది.

"నొక్కి కూర్చోకు పిల్లా! ఆనించి లేపెయ్. నేను గింజ ఏరడం చూళ్ళేదూ?"

"ఏదీ, ఒక్కటి పెట్టి చూపించవూ!" అంది రుయిలాన్, చెడిన గీతలు తుడిచేస్తూ.

ముక్కుతో పెడితే మేఘం కంటికి ఆనదు. పిట్ట తన తోక వంక చూసుకుని నిట్టూర్చింది. గబుక్కున సిరాలో ముంచి, బండ మీద ఆనించి లేపింది. నిండైన చుక్క! సిరా చింది వీపుకీ గొంతుకీ కూడా అంటుకుంది.

అది చూసి రుయిలాన్ చెయ్యి తేలికపడింది. మిగతా మూడూ తనే పెట్టింది.

"ఆఁ, ఇదీ వానంటే!" అంటూ మేఘం వెనక్కొచ్చి ఉన్నపళాన కురిసింది. నారు తలెత్తింది. పిల్లా పిట్టా తడిసి ముద్దయ్యారు.

కానీ ఆ వానకే అక్షరం కొట్టుకుపోయింది. పిట్ట తోక మీది సిరా మాత్రం పోలేదు.

"మళ్ళీ కరువొచ్చేసరికి నా చెయ్యి మరిచిపోతే?" అంది రుయిలాన్ బెంగగా.

"నువ్వు మరిచినా నేను మరవనులే. రోజూ సాధన చేస్తా" అంది పిట్ట.

అప్పటినుంచే కాటుకపిట్టకు ఆ నలుపు. అప్పటినుంచే అది ఏ నీటి ఒడ్డున వాలినా తోక ఎత్తి ఆనిస్తూ, ఎత్తి ఆనిస్తూ ఉంటుంది. వానలు దండిగా కురిసిన ఏడు కూడా మానదు. మాటిచ్చింది కదా!