ఆదెమ్మ చెయ్యి

కొండకి దారి కొత్తగా పడిన రోజుల్లో, హారన్ వినబడితే కోళ్లూ మేకలూ పెద్దమనుషులూ కలిసి పరుగెత్తిన రోజుల్లో, ఆదెమ్మ అనే ఆవిడ ఉండేది. ఆ కొండమీద ఉన్నది ఒకే ఒక కారు, అదీ ముసలిది. దాని తలుపు రబ్బర్లు ఎండిపోతే ఆదెమ్మ ఆముదం రాసేది. ఇంజను నీళ్ల పైపు చీలితే పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టేది. కారు నడిపే గంగులుకి ఆవిడంటే ప్రాణం, ఆవిడ నిదానమంటే ఒళ్లుమంట.

ఒక వానాకాలం గంగులు పెళ్లాం పైడమ్మకి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. ఆస్పత్రేమో కొండ కింద. పైడమ్మ తల ఒళ్లో పెట్టుకుని ఆదెమ్మ వెనక సీట్లో కూర్చుంది.

మొదటి మలుపులో నీళ్ల పైపు చీలి ఆవిరి చిమ్మింది. గంగులు ఇనప తీగ చుట్టి బిగించాడు, నీళ్లు పోశాడు, బయల్దేరాడు. రెండో మలుపులో మళ్లీ చిమ్మింది. ఇంకా బిగించాడు. మూడో మలుపులో ఆ తీగే ముసలి రబ్బర్ని కోసేసింది.

గంగులు మళ్లీ తీగ అందుకున్నాడు. ఆదెమ్మ దిగొచ్చి వాడి చెయ్యి పట్టుకుంది.

"ఆగరా బావూ. సల్లారనీ. వేడిమీద సుడితే పట్టు నిలవదు."

"నా పెళ్లాం సచ్చిపోతాది అత్తా!"

"నాకూ బయమేరా. అయినా ఆగు."

ఆవిడ పైపుమీద అరచెయ్యి ఆనించింది. చురుక్కుమంటే తీసింది. మళ్లీ ఆనించింది, మళ్లీ తీసింది. కారులో పైడమ్మ కేక పెట్టింది. గంగులు దారిమీదే కూలబడి ఏడ్చాడు. తల్లి పోయినప్పుడు కూడా వాడు అంతగా ఏడవలేదు. మూడోసారి ఆనించిన చెయ్యి ఆవిడ తియ్యలేదు.

అప్పుడు తెగిన చోట, వెంట తెచ్చిన ట్యూబు ముక్క పొరమీద పొర చుట్టింది. తీగ పారేసి, తన కొంగు చింపి కట్టింది.

"నీళ్లు పొయ్యి. మెల్లగా పోనీ."

పైపు ఆస్పత్రిదాకా నిలిచింది. తల్లీ బిడ్డా బతికారు. బిడ్డ ఏడుపు విన్నాకే ఆదెమ్మ అడిగింది.

"ఆలీసమైపోయుంటే నన్నేటి అనీవోడివిరా?"

గంగులు ఆవిడ కాలిన అరచెయ్యి తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

ఆదెమ్మ ఇప్పుడు లేదు. ఆ దారిలో జీపులూ లారీలూ తిరుగుతాయి. ఏ బండి ఆవిరి కక్కినా డ్రైవరు పైపుమీద చెయ్యి ఆనించి, "ఆదెమ్మా, సల్లారిందా?" అని అడుగుతాడు. చెయ్యి ఓర్చుకునేదాకా ఎవరూ తొందరపెట్టరు. లోపల నొప్పులు పడే మనిషి ఉంటే, ఎక్కినవాళ్లంతా దిగి డ్రైవరు పక్కన నిలబడతారు. ఒకరి తరవాత ఒకరు పైపుమీద చెయ్యి వేస్తారు. ఆగమని చెప్పిన బరువు ఒక్క మనిషి మీద పడకూడదని.