గడపకు పసుపు పట్టించిన ఏదుపంది

మనకేదైనా కావాలంటే ఫోన్ తీసి వెతుకుతాం. ఓ అడవిలో జంతువులు చీమల్ని అడిగేవి. చీమలు దూరని బొరియ లేదు, ఎక్కని చెట్టు లేదు. తేనె ఎక్కడుంది, జ్వరానికి మందు ఎవరిస్తారు అని అడగడమే ఆలస్యం, ముందు ఫలానా, తర్వాత ఫలానా అని వరసగా చెప్పేసేవి. అంత అడవి అంత చిన్న బుర్రల్లో ఎలా పట్టిందో, తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. చీమల బారు అడ్డొస్తే ఏనుగు కూడా ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేదంటే చూసుకోండి.

ఆ అడవిలో ముళ్ళవ్వ అని ఓ ముసలి ఏదుపంది వేర్లతో మందులు చేసేది. మందుకొచ్చినవాళ్ళు తెచ్చే దుంపలే దాని కూడు. కడుపునొప్పి మందుకు మాత్రం చీమలు పందికొక్కు పేరు ముందు చెప్పి, అవ్వ పేరు తర్వాత చెప్పేవి. ఆ పందికొక్కు బొరియ చూస్తే వంకరటింకర, గుమ్మం నిండా మట్టి. అదే అవ్వకు మింగుడు పడలేదు.

ఈ సంగతి నక్క చెవిన పడింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. అది వచ్చి అవ్వ గుమ్మాన్ని అటు చూసి, ఇటు చూసి పెదవి విరిచింది.

"గడప వంకర, గోడ గరుకు. పెద్దలు పెట్టిన కొలతల్లో ఒక్కటీ లేదు. ఇట్లాంటి కొంపను చీమలు ముందెందుకు చెప్తాయవ్వా?"

అవ్వ నమ్మేసింది. మందుకని దాచిన తేనెపట్టు నక్కకిచ్చి, అది చెప్పినట్టల్లా చేసింది. గడప సరిచేసింది, గోడలు అలికింది, చివరికి గడప పొడవునా దట్టంగా పసుపు పట్టించింది. పెళ్ళింటి గుమ్మంలా వెలిగిపోయింది. లోపల ఏ మందులున్నాయో మాత్రం నక్క అడగనేలేదు. దానికి గుమ్మంతోనే పని.

ఆ తర్వాత అవ్వ గడప తొక్కినవాళ్ళు లేరు. మొదటి పేరు దేవుడెరుగు, ఉన్న పేరూ పోయింది. పస్తులుండి అవ్వ చిక్కిపోయి ముళ్ళే మిగిలాయి.

ఇంతలో నక్క పిల్లను నల్లతేలు కుట్టింది. పిల్ల నురగలు కక్కుతుంటే నక్క చీమల పుట్ట దగ్గరికి పరిగెత్తి, తేలు మందు ఎవరి దగ్గరుందో చెప్పమని కాళ్ళావేళ్ళా పడింది.

"ఒకప్పుడు ముళ్ళవ్వ దగ్గరుండేది," అంది పెద్దచీమ. "ఇప్పుడు గడపకు పసుపు పట్టించింది. పసుపు మేం దాటలేం. కళ్ళారా చూడనిది చెప్పడం మాకు అలవాటు లేదు."

గడప ఇప్పుడు వంకర లేదు కదా అని నక్క గొణిగింది.

"వంకరో సరో మేమెప్పుడు చూశాం? దూరే సందుంటే చాలు, లోపలి సరుకు చూస్తాం. కడుపునొప్పికి పందికొక్కు మందే మంచిది, అందుకే ముందు చెప్పాం."

అడవినంతా కడుపులో పెట్టుకున్న ఆ చీమ ముందు, తానెంత చిన్నదో నక్కకు మొదటిసారి తెలిసొచ్చింది. ఏడుస్తూ పోయి అవ్వ కాళ్ళమీద పడింది. అవ్వ వేరు నూరి పట్టు వేసింది. పొద్దు వాలేసరికి పిల్ల కళ్ళు తెరిచింది.

అప్పుడు నోరు విప్పింది అవ్వ. "ఇక నా గడప సంగతి చూడు నక్కయ్యా."

నక్క తన కుచ్చుతోక తడిపి గడపంతా తుడిచింది. తుడుస్తుండగానే చీమల బారు ఆ తోక పక్కనుంచే లోపలికి నడిచింది. అడవికి కొలతలు చెప్పిన నక్క, తోకకంటిన పసుపు వదిలేదాకా బయట మొహం చూపించలేదు.

వెబ్‌సైటు కోడూ అవ్వ గడపలాంటిదే: కాస్త వంకరున్నా ఫర్వాలేదు, వెతికే సెర్చింజన్ల దారి మూయకుంటే చాలు, లోపల బెల్లముంటే చీమలు వాటంతటవే వస్తాయి.