చింతగింజల ఓటు

సింహాద్రమ్మ టీచరుకి అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. ముప్ఫై ఏళ్లుగా సోషల్ చెబుతున్న మనిషి. ప్రశ్న వింటుంది, ఆనక ఏదో ఒక పని పురమాయిస్తుంది. లోకనాథం ఆవిడ దగ్గరే చదువుకుని, ఆ బళ్లోకే సోషల్ మాస్టారుగా వచ్చాడు. పదో తరగతి పరీక్షలు నెలన్నర ఉన్నాయనగా ఒకనాడు స్టాఫ్ రూములో అడిగాడు.

"పౌరనీతి పాఠాలన్నీ పిల్లలు గడగడా అప్పజెప్పేస్తున్నారు మేడమ్. వంటబట్టిందో లేదో తెలిసేదెలా?"

"రివిజన్ క్లాసు పొద్దున్న పెట్టాలో సాయంత్రం పెట్టాలో వాళ్ల చేతే ఓటు వేయించరా," అందావిడ.

ఓస్, ఇంతేనా అనుకున్నాడు లోకనాథం. అతనికి పొద్దున్న ఆరింటి క్లాసంటే ప్రాణం. తెల్లారగట్ల చదివిన ముక్క చచ్చినా మరిచిపోరని అతని నమ్మకం. ఆ సంగతే పిల్లలకి పావుగంట దంచి, "ఇక మీ ఇష్టం, స్వేచ్ఛగా రాయండి" అని చీటీలు పంచాడు. పాపం, చీటీ చేతికొస్తే స్లిప్ టెస్టే అనుకోవడం వాళ్లకి అలవాటు. నలభైమందీ పైన పేరు, రోల్ నంబరు వేసి, స్కేలు పెట్టి గీత కొట్టి, కింద 'ఉదయం' అని రాశారు. మన మాస్టారేమైనా తక్కువ తిన్నాడా? ఎర్రపెన్ను తీసి అక్షరదోషాలు దిద్ది, టిక్కులు కొట్టి, పేరుపేరునా పిలిచి ఎవరి చీటీ వాళ్లకి ఇచ్చేశాడు.

"నలభైకి నలభై మేడమ్!" అన్నాడు, గుమ్మంలో నిలబడి చూస్తున్న సింహాద్రమ్మతో. సంతోషం పట్టలేకుండా ఉన్నాడు.

రెండో బెంచీలో హేమసుందరి తల దించుకుని కూర్చుంది. కొండ అవతలి ఊరి పిల్ల. అక్కణ్నించి మొదటి బస్సు ఎనిమిదింటికి గానీ రాదు. అర్ధసంవత్సర పరీక్షలో సోషల్లోనే తప్పింది. ఈసారీ తప్పితే జీడిపిక్కలు కొట్టే పనిలో పెట్టేస్తానని వాళ్ల నాన్న ఖరాఖండిగా చెప్పాడు. అయినా మాస్టారి మొహం చూసి ఆ పిల్లా 'ఉదయం' అనే రాసింది. ఇవన్నీ లోకనాథానికి తెలియని సంగతులు కావు. ఆ ఊపులో గుర్తుకు రాలేదు, అంతే.

సింహాద్రమ్మ బడిలో వంట చేసే ఆవిడ దగ్గర్నించి గుప్పెడు చింతగింజలు తెప్పించింది. రెండు ఖాళీ సుద్దముక్కల పెట్టెల మీద ఒకదానికి 'పొద్దున్న', ఇంకోదానికి 'సాయంత్రం' అని రాసి బీరువా వెనకాల పెట్టింది. మనిషికో గింజ ఇచ్చి, ఒక్కొక్కరినే వెళ్లి వేసి రమ్మంది. "మాస్టారూ, మీరు కాస్త వరండాలో నిలబడండి," అంది. పిల్లల ముందు అతన్ని ఒరే అనదు.

లెక్కపెడితే పొద్దున్నకి ఆరు, సాయంత్రానికి ముప్ఫై నాలుగు.

లోకనాథానికి తల కొట్టేసినట్టయింది. తన ఉపన్యాసమంతా బూడిదలో పోసిన పన్నీరైపోయిందని ఒళ్లు మండింది. "సాయంత్రానికి వేసిందెవర్రా? చేతులెత్తండి!" అని కేకేశాడు.

ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ బల్లల కేసే చూస్తున్నారు. చివరికి హేమసుందరి లేచి నిలబడింది.

"అలా అడక్కూడదండీ. ఎవరికి వేశామో ఎవరికీ చెప్పక్కర్లేదని మీరే చెప్పారండి. రెండు మార్కుల ప్రశ్నండి అది."

లోకనాథం కోపం ఎటు పోయిందో పోయింది, సిగ్గు మాత్రం చెవులదాకా పాకింది. "కూర్చోమ్మా," అన్నాడు మెల్లిగా. బోర్డు మీద 'సాయంత్రం అయిదు గంటలకు' అని తనే రాసి బయటికి వచ్చాడు.

సింహాద్రమ్మ అతని పక్కనే నాలుగడుగులు నడిచింది.

"ఆ పిల్లకి రివిజన్ అయిపోయిందిరా," అంది. "నువ్వు మాత్రం సాయంత్రం క్లాసు మానకు."