దివానుగారి పడవబండి

కోరుకల్లు సీమలో వానలు మొదలైతే దారేదో ఏరేదో తెలియదు. అందుకని దివాను భూపతిరాయలుగారు ఓ పడవబండి చేయించుకున్నారు. చక్రాల మధ్య తోలుపట్టెలకు వేలాడే పడవ అది. నేల మీద ఎద్దులు లాగుతాయి, ఏట్లో మనుషులు తెడ్లేస్తారు. చిక్కల్లా ఒక్కటే. రాళ్లదారిలో పడవ అడుగు గీసుకుపోయేది.

"జానెడు పైకి లేపు," అని వడ్రంగి మల్లాచారికి హుకుం వేశారు దివానుగారు.

మల్లాచారి పెద్ద చక్రాలు బిగించాడు. రాళ్లు దాటింది గానీ, ఎత్తు ఎక్కువై ఏట్లో ఒరిగిపోయి, దివానుగారిని తలపాగాతో సహా ముంచింది.

"రాళ్ల మీద ఎత్తుగా ఉండాలి, నీళ్లలో పల్లంగా ఉండాలి! రేపు రాజుగారు చూస్తారు. కుదరలేదో, నీ ఉలీ బాడిసా ఏట్లో పారేయిస్తా!"

మర్నాడు పాత చక్రాలతోనే వచ్చింది బండి. కొత్తగా పక్కన ఓ చిన్న మెట్టుంది. రాళ్లదారి మొదట్లో మల్లాచారి ఎద్దుల్ని ఆపి, చేతులు కట్టుకుని, "ఒక్కసారి దిగండి దొరా," అన్నాడు.

ఎన్నడూ బురదలో కాలు పెట్టని దివానుగారు, రాజుగారు చూస్తున్నారని దిగారు. తోలుపట్టెలు కిర్రుమన్నాయి. పడవ జానెడు లేచి, రాయి తగలకుండా దాటింది. ఏటి ఒడ్డున ఆయన మళ్లీ ఎక్కగానే కిందికి దిగి, నీళ్లలో నిలకడగా తేలింది.

"ఇంతకీ బండిలో ఏం మార్చావురా?" అని గద్దించారు దివానుగారు.

"చక్రాలు దారి మధ్యలో పెరిగి తరగవు కదా దొరా. బండి మొత్తంలో దిగి ఎక్కగల బరువు తమరొక్కరే."

రాజుగారు నవ్వాపుకుంటూ అన్నారు: "ఆచారీ, ఆ మెట్టుకు ఇత్తడి తొడుగు వెయ్యి. దివానుగారు రోజూ వాడాలి, అరిగిపోతుంది."