నీటికుక్క కట్టిన తెప్ప

అనగనగా ఒక వాగు ఉండేది. వాగుకు ఇటు ఒక అడవి, అటు ఒక అడవి. మధ్యలో ఒక పెద్ద మద్దిమాను అడ్డంగా పడి ఉండేది. అది ఎప్పుడు పడిందో ఎవరికీ గుర్తు లేదు. జంతువులన్నీ దాని మీదుగానే అటూ ఇటూ తిరిగేవి.

ఒక ఏడాది వానలు ముందే పట్టుకున్నాయి. వాగు పొంగింది. తెల్లారి చూసేసరికి మద్దిమాను కొట్టుకుపోయింది. ఇటువైపు అడవి ఆ ఎండాకాలంలో మంటలకు కాలిపోయి ఉంది. మేత ఇంకా సరిగ్గా మొలవలేదు. అటువైపు గుట్టల మీద మాత్రం మోకాలెత్తు పచ్చిక. కంటికి కనిపిస్తుంది, నోటికి అందదు.

అదే వరదలో నీటికుక్క బుడగయ్య ఇల్లు కూడా మునిగిపోయింది. నీటికుక్క అంటే తెలుసా పిల్లలూ? పేరుకే కుక్క. చూస్తే ముంగిసకు మేనమామలా ఉంటుంది, చేపలను తరిమి పట్టేంత జోరుగా ఈదుతుంది. బుడగయ్య, భార్య మీనమ్మ, ఇంకా కళ్లు తెరవని వాళ్ల కూనలు తడిరాళ్ల మీద తలదాచుకున్నారు. గట్టు మీద కొత్త బొరియ తవ్వుదామంటే అక్కడి నేల బుడగయ్య గోళ్లకు లొంగలేదు.

అప్పుడు ముళ్లపంది సూదయ్య వచ్చాడు. ఎంత గట్టి నేలనైనా తవ్వగలవాడు అతను. తనతో పాటు మిగతా జంతువులనూ వాగు దాటించే ఏర్పాటు ఏదైనా చేస్తే, నీళ్లెక్కని చోట మంచి బొరియ తవ్విపెడతానన్నాడు. బుడగయ్య వెంటనే ఒప్పుకున్నాడు. తెప్ప కడతానన్నాడు.

మీనమ్మ కూనలకు పాలిస్తూ అంది. "ఎక్కేది వాళ్లు కదా. కట్టేముందు ఒకసారి వాళ్లను అడిగి చూడు."

"నీళ్ల గురించి నాకు తెలియంది వాళ్లకేం తెలుసు?" అన్నాడు బుడగయ్య. "ఆ కుందేలు ఏనాడైనా ఈదిందా?"

వెదురు బొంగులు కొరికి తెచ్చాడు. కణుపులన్నీ గీకేసి, ఇసుకతో రుద్ది నున్నగా చేశాడు. నున్నగా ఉంటే నీళ్లు పట్టుకోవని అతని లెక్క. అడవిలో తాడులా వాడే అడ్డతీగతో గట్టిగా బిగించి కట్టాడు. ముందువైపు ఒక తీగ వదిలాడు. దాన్ని నోట కరచుకుని ఈదుతూ తెప్పను లాక్కుపోవాలని ఆలోచన.

తెప్ప చూడటానికి జంతువులు వచ్చాయి. కుందేలు చంగమ్మ దగ్గరికి వచ్చి వాసన చూసింది. తెప్ప చాలా బాగుందని మెచ్చుకుంది. కానీ ఇవాళ కడుపులో బాగాలేదని చెప్పి వెళ్లిపోయింది. సూదయ్య రేపు ఎక్కుతానన్నాడు. ఆ రేపు రాలేదు.

తెప్పలో జోరు చాల్లేదేమో అనుకున్నాడు బుడగయ్య. మళ్లీ మొదటినుంచి కట్టాడు. ఈసారి సన్నగా, ముందువైపు మొనదేలేలా కట్టాడు. అందంగా ఉండాలని చుట్టూ కలువపూలు కూడా గుచ్చాడు. అందరూ చూస్తుండగా ఖాళీ తెప్పను అవతలి గట్టుకు లాక్కుపోయి, రెప్పపాటులో తిరిగొచ్చాడు. ఆ జోరు చూసి గట్టు మీదున్నవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. బుడగయ్య అది గమనించలేదు.

దుప్పి చుక్కమ్మ మాత్రం ముందుకొచ్చింది. మేత లేక ఆమెకు పాలు ఎండిపోతున్నాయి. పిల్ల దుప్పి నిలబడలేక తూలుతోంది. భయంగానే ఉన్నా, పిల్లను వెంటబెట్టుకుని తెప్ప ఎక్కింది.

బుడగయ్య తీగ కరచుకుని ఒక్క ఊపు ఊపాడు. నున్నటి వెదురు మీద గిట్టలు నిలవలేదు. చుక్కమ్మ మోకాళ్ల మీద కూలబడింది. పిల్ల జారి వాగులో పడింది.

బుడగయ్య తీగ వదిలేసి మునిగాడు. బురదనీళ్లలో వెతికి, పిల్లను మెడ దగ్గర పట్టుకుని ఒడ్డుకు లాగాడు. పిల్ల నీళ్లు కక్కి ఊపిరి తీసుకుంది. చుక్కమ్మ ఈలోగా ఎలాగో ఒడ్డు చేరింది. బుడగయ్యను ఒక్క మాట అనలేదు. పిల్లను నాకుతూ కూర్చుంది. తిట్టినా బాగుండేదనిపించింది బుడగయ్యకు.

ఆ రోజంతా అతనికి చేప సహించలేదు. మర్నాడు పొద్దున్నే లేచి కుందేలు దగ్గరికి వెళ్లాడు. తన తెప్ప ఎలా ఉందో చెప్పమన్నాడు.

"తెప్పకేం తమ్ముడూ, బంగారంలా ఉంది," అంది చంగమ్మ నేల చూపులు చూస్తూ.

ఇలా అడిగితే మొహమాటానికి ఇదే జవాబు వస్తుందని బుడగయ్యకు అర్థమైంది. మాట మార్చి మళ్లీ అడిగాడు.

"తెప్ప సంగతి వదిలెయ్ అక్కా. మద్దిమాను ఉన్నప్పుడు నువ్వు ఎలా దాటేదానివి?"

చంగమ్మ చెవులు నిక్కాయి. మాను సరిగ్గా మధ్యలో నడిచేదట. నీళ్లు కంటపడితే కళ్లు తిరుగుతాయి కాబట్టి కొమ్మల చాటునే పోయేదట. మాను ఎప్పుడూ కదలలేదని, అదే తన ధైర్యమని చెప్పింది.

సూదయ్యను అడిగితే ఇంకో సంగతి తెలిసింది. బెదిరితే అతని ముళ్లు వాటంతట అవే లేస్తాయి. పక్కనున్నవాళ్లకు గుచ్చుకుంటాయని అతనికి బెంగ. మాను మీద ఒకరి వెనక ఒకరు ఎడంగా నడిచేవారు. సన్నటి తెప్ప మీద ఆ వీలెక్కడ?

చివరికి చుక్కమ్మ దగ్గరికి వెళ్లాడు. ముందు తప్పు ఒప్పుకున్నాడు. తర్వాత అదే మాట అడిగాడు.

"ఆ మానుకు గరుకు బెరడు ఉండేది, అన్నా," అంది చుక్కమ్మ. "గిట్ట ఆనేది. నీకు జారడమంటే ఆట. మాకు జారడమంటే చావు."

బుడగయ్యకు అప్పుడు తెలిసొచ్చింది. తను ఇన్నాళ్లూ ఈదేవాళ్లకు నచ్చే తెప్ప కట్టాడు. వీళ్లకు కావలసింది నీళ్ల మీద జోరు కాదు, కాళ్ల కింద నేల.

మూడో తెప్ప వెడల్పుగా కట్టాడు. కణుపులు గీకలేదు. పైన గరికతో సహా మట్టిపెళ్లలు తెచ్చి పరిచాడు. చుట్టూ ఆకుల కొమ్మలతో దడి కట్టాడు. ఈ గట్టు చెట్టు నుంచి ఆ గట్టు చెట్టుకు అడ్డతీగ లాగి, తెప్ప అటూ ఇటూ ఊగకుండా దానికి తగిలించాడు.

అయినా వెంటనే నడివాగులోకి తీసుకుపోలేదు. ఒడ్డున మోకాలిలోతు నీళ్లలో కట్టేసి, ఒక్కసారి ఎక్కి నిలబడి చూడమని బతిమాలాడు. చుక్కమ్మ గిట్టలతో తొక్కి చూసి, ఎడమవైపు కుంగుతోందంది. అక్కడ ఇంకో బొంగు కలిపాడు. చంగమ్మ దడి ఇంకొంచెం ఎత్తుండాలంది. ఎత్తు చేశాడు. సూదయ్య వెనకవైపు తనకు చోటు చూసుకున్నాడు. దిగి, గట్టెక్కి, బుడగయ్య కోసం బొరియ తవ్వడం మొదలుపెట్టాడు.

మరునాడు వాన తెరిపిచ్చింది. ముగ్గురూ తెప్ప ఎక్కారు. చుక్కమ్మ పిల్లను తన పక్కకు జరుపుకుంది. బుడగయ్య తీగ నోట కరచుకుని మెల్లగా, చాలా మెల్లగా లాగాడు. ఈ లోపల తను నాలుగుసార్లు వాగు ఈది రాగలడు. అయినా తొందరపడలేదు. వెనక ఎవరూ మాట్లాడటం లేదు. భయపడుతున్నారేమోనని నడివాగులో ఆగి, దడి సందులోంచి తొంగిచూశాడు.

పిల్ల దుప్పి తల వంచి, తెప్ప మీది గరిక కొరుక్కుని తింటోంది. తాను వాగు మధ్యలో ఉన్నానన్న సంగతే దానికి తెలియదు.

నీతి: ఎవరికోసం ఒక వస్తువు చేస్తున్నామో, ముందు వారి అవసరం వారి నోటనే విని తెలుసుకోవాలి. మన నేర్పు ఆ తర్వాతే పనికొస్తుంది.