రాతిచేప తోక

సుదర్శనానికి వచ్చిన చిక్కల్లా తోకతోనే.

కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో ఈది, జాతి మొత్తం అంతరించిపోయిన చేప అది. ఇప్పుడు ఒక పలకరాయిలో అచ్చుపడి ఉంది. భూగర్భశాస్త్ర విభాగంలో కిటికీ పక్కన కూర్చుని, చలికాలమంతా సూదితో రాతిని గీకి గీకి దాని తల, పొలుసులు, రెక్కల్లోని సన్నటి ముళ్లు బయటికి తెచ్చాడు. తీరా తోక దగ్గరికి వచ్చేసరికి రాయి పెచ్చులూడిపోయి ఉంది. తోక లేకపోతే అది ఏ జాతో తేలదు. జాతి తేలకపోతే ఇన్నాళ్ల పరిశోధనకూ పట్టా రాదు.

అందుకని నిన్న ప్లాస్టర్ కలిపి, రాయి రంగు వేసి, చీలిన తోక ఒకటి తీర్చి పెట్టాడు. పనిమంతుడే, కాదనలేం. ఆ మురిపెంతోనే ఇవాళ పలకను, తనచేత పరిశోధన చేయిస్తున్న జలాలుద్దీన్ మాస్టారి బల్ల మీద ఉంచి, ఈ జాతి చేప ఇదివరకు మన వైపు ఎవరికీ దొరకలేదని చెప్పాడు.

మాస్టారు భూతద్దం తీసి చాలాసేపు చూశారు.

"జాతి ఎలా పోల్చావయ్యా?"

"తోక చీలి ఉంది కదండీ."

"అక్కడ పెచ్చులూడిందని మొన్న నువ్వే చెప్పావు. చీలి ఉందని ఎలా తెలిసింది?"

"ఆ జాతి చేపలన్నిటికీ తోక..." అంటూ సుదర్శనం ఆగిపోయాడు.

మాస్టారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సొరుగులోంచి సూది తీసి అతని చేతిలో పెట్టి, నువ్వు పెట్టింది తీసెయ్యి, చేపది ఉంచు అని తన పనిలో తాను పడ్డారు.

తోక కొసలు సులువుగానే ఊడివచ్చాయి. లోపలికి వచ్చేకొద్దీ చెయ్యి నెమ్మదించింది. పెచ్చులూడగా మిగిలిన తోక ముళ్ల మొదళ్ల దగ్గర వేలెడంత మేర ఏది ప్లాస్టరో ఏది రాయో అతనికే తెలియడం లేదు. అంత బాగా కలిపాడు మరి. గీకితే అసలు ముల్లే పోవచ్చు. వదిలేస్తే అబద్ధం అక్కడే ఉండిపోతుంది. సూది దించాడు, మళ్లీ ఎత్తాడు. ఏడుపొచ్చినంత పనైంది.

"మాస్టారూ, ఈ కాస్తా చేపదా, నాదా?"

మాస్టారు లేచి వచ్చి, అతని పక్కన నిలబడి వంగి చూశారు.

"మొన్న అడిగుంటే ఆ రాయే చెప్పేది" అన్నారు.